లీటరుకి ఎంతిస్తుంది? బండి మైలేజీ, పెట్రోల్ ఖర్చు లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త బండి ఇంటి ముందు ఆగగానే పక్కింటాయన అడిగేది "లీటరుకి ఎంతిస్తుంది?" అనే. దానికి మనం చెప్పే జవాబు షోరూంలో విన్న అంకె అయి ఉంటుంది, లేదంటే ఎప్పుడో తిరుపతి వెళ్లొచ్చినప్పుడు హైవే మీద వచ్చిన అంకె. రోజూ మనం తిరిగే దారిలో మన బండి ఎంత తాగుతోందో చాలామందికి నిజంగా తెలియదు. నేను పదకొండేళ్లుగా కారు డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, రూపాయలు రాసుకుంటున్నాను. బండి కొనే ముందు చుట్టాలు, స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటిని, నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

లెక్కల కోసం లీటరు పెట్రోల్ 108 రూపాయలు, డీజిల్ 96, కిలో సీఎన్‌జీ 95 అనుకున్నాను. మీ ఊళ్లో ఈరోజు రేటు వేరైతే ఆ అంకె వేసుకుని మళ్లీ లెక్క కట్టుకోండి.

నా బండి అసలు మైలేజీ ఎంతో సరిగ్గా తెలుసుకోవడం ఎలా?

ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ దాకా చూసుకోవడమే. ట్యాంక్ ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మామూలుగా తిరగండి. ముల్లు పావు ట్యాంకుకి వచ్చాక మళ్లీ ఫుల్ చేయించండి. ఈసారి ఎన్ని లీటర్లు పట్టిందో, ఈమధ్యలో బండి తాగింది అంతే. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించండి. మా కారు ఈమధ్య 412 కిలోమీటర్లు తిరిగాక 24.6 లీటర్లు పట్టింది, అంటే లీటరుకి 16.7.

ఇందులో తప్పు దొర్లేది "ఫుల్" అన్న మాట దగ్గరే. నాజిల్ టక్కున ఆగాక కూడా బంకు అబ్బాయి చేయి ఊరుకోదు, రౌండ్ ఫిగర్ చేద్దామని ఇంకో రెండు మూడుసార్లు నొక్కుతాడు. ఒకసారి మొదటి టక్ దగ్గర ఆపి, ఇంకోసారి మెడదాకా పోయిస్తే సులువుగా లీటరు తేడా వచ్చేస్తుంది. పైన చెప్పిన 412 కిలోమీటర్లకు ఒక్క లీటరు అటూ ఇటూ అయితే జవాబు 16.1 కావచ్చు, 17.5 కావచ్చు. అందుకే నేను ముందే "మొదటి కట్ దగ్గర ఆపెయ్ బాబూ, చిల్లర పర్లేదు" అని చెప్పేస్తాను. మెడదాకా నింపితే ట్యాంకులోని పెట్రోల్ ఆవిరి పీల్చుకునే క్యానిస్టర్ కూడా పాడవ్వొచ్చు. వీలైతే అదే బంకు, అదే మిషను దగ్గర ఆపండి.

ఒక్కసారితో తేల్చెయ్యకండి. మూడు నాలుగు ట్యాంకుల కిలోమీటర్లన్నీ ఒకచోట, లీటర్లన్నీ ఒకచోట కలిపి భాగించండి. నింపడంలో వచ్చే చిన్న తేడా అప్పుడు పెద్ద అంకెలో కలిసిపోతుంది.

మేం ఎప్పుడూ ఫుల్ చేయించం, రెండొందలకే కొట్టిస్తాం. మాకెలా?

స్కూటర్లు, బైకుల వాళ్లలో ఎక్కువమంది ఇంతే. దానికేం ఇబ్బంది లేదు. మొదట ఒకసారి ఫుల్ చేయించి కిలోమీటర్లు రాసుకోండి. ఆ తర్వాత రెండొందలు, మూడొందలు ఎన్నిసార్లు కొట్టించినా ఆ డబ్బు రాసి పెట్టుకోండి. ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టి ఉంటే రాయకపోయినా దొరుకుతుంది. నెల తర్వాత మళ్లీ ఒక్కసారి ఫుల్ చేయించండి. మా ఇంట్లో స్కూటర్‌కి నాలుగుసార్లు రెండేసి వందలు, చివర ఫుల్‌కి 310, మొత్తం 1,110 అయ్యాయి. 108తో భాగిస్తే 10.28 లీటర్లు. ఆలోపు తిరిగింది 463 కిలోమీటర్లు, అంటే లీటరుకి 45. మధ్యలో రేటు మారితే బిల్లులో ఉన్న లీటర్లనే రాసుకోండి.

కారు డిస్‌ప్లేలో చూపించే మైలేజీని నమ్మొచ్చా?

దారి చూపడానికి పనికొస్తుంది, కచ్చితమైన లెక్కకి కాదు. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కంప్యూటర్ అంచనా వేసే అంకె అది. నేను చూసిన కార్లన్నిటిలో అసలు కంటే కాస్త ఎక్కువే చూపించాయి. మా కారులో 17.8 చూపిస్తే నోటుపుస్తకంలో 16.7 వస్తుంది. అయితే ఆ తేడా ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకసారి మీ కారులో ఎంత తేడా ఉందో పట్టుకుంటే, తర్వాత డిస్‌ప్లే చూసి మనసులోనే సరిచేసుకోవచ్చు.

కంపెనీ 24 అని చెప్పింది, నాకు 15 దాటడం లేదు. ఇది మోసం కాదా?

మీ బాధ నాకు అర్థమవుతుంది, మొదటి కారు కొన్నప్పుడు నేనూ ఇలాగే బాధపడ్డాను. కానీ ఆ అంకె ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాన్ని ఎలా వాడుకోవాలో తెలుస్తుంది. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థల్లో కారుని రోడ్డు మీద కాదు, రోలర్ల మీద నడుపుతారు. ఎప్పుడు ఎంత వేగం, ఎప్పుడు బ్రేకు, ఎంతసేపు ఆగాలి అన్నది సెకన్ల లెక్కన ముందే రాసి ఉంటుంది. మన దగ్గర కార్లకి ఏళ్లుగా వాడుతున్న ఆ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకి 90 కిలోమీటర్లే. ఏసీ ఆపేసి ఉంటుంది. ఎదురుగాలి లేదు, గుంతలు లేవు, అమీర్‌పేట జంక్షన్ లేదు, వెనక సీట్లో ముగ్గురు లేరు.

అందుకని ఆ అంకెను "నాకు ఇంత వస్తుంది" అని చదవకూడదు. రెండు కార్లను పక్కపక్కన పెట్టడానికే అది పనికొస్తుంది. అన్ని కార్లూ అదే పరీక్ష రాస్తాయి కాబట్టి 24 వచ్చిన కారు, 18 వచ్చిన కారు కంటే మీ చేతిలో కూడా తక్కువే తాగుతుంది. మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో కార్లను చూసి నేను వేసుకున్న లెక్క ఏమిటంటే, ఊళ్లో ట్రాఫిక్‌లో ఆ అంకెలో 60 నుంచి 65 శాతం, హైవే మీద 80 వేగంతో ఓపిగ్గా వెళ్తే 80 నుంచి 85 శాతం వస్తుంది. కారు కొనే ముందు బడ్జెట్‌లో 60 శాతమే వేసుకోండి. తర్వాత ఎక్కువ వస్తే సంతోషమే.

బైకులు, స్కూటర్ల విషయంలో ఈ తేడా ఇంత ఉండదు. వాటి పరీక్ష వేరు. పైగా బండి చిన్నది, ఏసీ లేదు, ట్రాఫిక్‌లో సందు దొరికితే దూరిపోతుంది.

రెండు బండ్లను పోల్చేటప్పుడు లీటరుకి ఎన్ని కిలోమీటర్లో చూస్తే చాలదా?

చాలదు. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ఒక ఇంట్లో రెండు బండ్లున్నాయి అనుకుందాం. పెద్ద ఎస్‌యూవీ లీటరుకి 10 ఇస్తుంది, స్కూటర్ 45 ఇస్తుంది. రెండూ నెలకి వెయ్యేసి కిలోమీటర్లు తిరుగుతాయి. ఒక బండినే మార్చగలరు. స్కూటర్ మార్చి 60 ఇచ్చే బైకు కొంటే 15 కిలోమీటర్లు పెరుగుతుంది. ఎస్‌యూవీ మార్చి 12.5 ఇచ్చేది కొంటే పెరిగేది రెండున్నర. వినగానే ఎవరైనా స్కూటరే మార్చమంటారు.

ఇప్పుడు లీటర్లు లెక్కపెట్టండి. స్కూటర్‌కి నెలకి 22.2 లీటర్లు పట్టేది, బైకుకి 16.7 పడుతుంది. మిగిలేది ఐదున్నర లీటర్లు. ఎస్‌యూవీకి 100 లీటర్లు పట్టేది 80కి దిగింది, మిగిలేది 20 లీటర్లు. రూపాయల్లో అక్కడ 600 దాకా, ఇక్కడ 2,160. "రెండున్నరే కదా" అనిపించిన చోటే డబ్బు ఎక్కువ మిగిలింది.

లీటరుకి కిలోమీటర్లు అనే కొలత మన కంటిని ఇలా తప్పుదోవ పట్టిస్తుంది. 2008లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ ఈ పొరపాటునే పరీక్షించి చూపించారు, అక్కడి జనం కూడా గ్యాలన్‌కి మైళ్ల లెక్కలో అచ్చం ఇలాగే పడిపోయారు. యూరప్‌లో చాలా దేశాల్లో అయితే వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అనే కొలుస్తారు. అది అలవాటు చేసుకుంటే ఈ చిక్కే ఉండదు. 100ని మీ మైలేజీతో భాగిస్తే చాలు: లీటరుకి 10 అంటే వందకి 10 లీటర్లు, 20 అంటే 5, 25 అంటే 4, 50 అంటే 2. పైకి పోయేకొద్దీ మిగిలేది ఎలా తగ్గిపోతుందో ఈ వరసలోనే కనిపిస్తోంది.

సగటు తీసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త ఉండాలి. ఊళ్లో లీటరుకి 10తో 500 కిలోమీటర్లు, హైవేలో 20తో 500 కిలోమీటర్లు తిరిగితే సగటు 15 కాదు. పట్టింది 50 ప్లస్ 25, మొత్తం 75 లీటర్లు. వెయ్యిని 75తో భాగిస్తే 13.3.

ప్రయాణానికి ఎంత ఖర్చవుతుందో ముందే లెక్క కట్టడం ఎలా?

లీటరు ధరని మైలేజీతో భాగిస్తే కిలోమీటరుకి ఎన్ని రూపాయలో వస్తుంది. మా కారుకి 108ని 16.7తో భాగిస్తే 6 రూపాయల 47 పైసలు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు. పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మాల్‌కి వెళ్లి వస్తే 130 రూపాయలు. అక్కడ ఆఫర్‌లో వంద రూపాయలు తగ్గిందని వెళ్తున్నామా అన్నది అప్పుడు తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. హైవే మీద 18 వస్తుందనుకుంటే 15.3 లీటర్లు, అంటే 1,650 రూపాయలు. దీనికి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర ఫాస్టాగ్‌లో పోయే టోల్ కలపాలి, చాలామంది అది మర్చిపోతారు. ఒక్కరే వెళ్తుంటే బస్సు టికెట్ ముందు కారు ఏ రకంగానూ నిలబడదు. నలుగురైతే లెక్క మారిపోతుంది.

పెట్రోల్ కారా, డీజిల్ కారా?

మీరు ఏడాదికి ఎంత తిరుగుతారో చెప్పకుండా దీనికి జవాబు లేదు. డీజిల్‌లో లీటరుకి శక్తి కొంచెం ఎక్కువ, ఆ ఇంజిన్ కూడా దాన్ని బాగా వాడుకుంటుంది. ఒకే మోడల్‌లో పెట్రోల్ 14, డీజిల్ 18 ఇస్తుందనుకుందాం. పెట్రోల్‌కి కిలోమీటరుకి 7.71, డీజిల్‌కి 5.33. తేడా 2 రూపాయల 38 పైసలు. డీజిల్ మోడల్ ధర లక్షన్నర ఎక్కువైతే, ఆ లక్షన్నర తిరిగి రావాలంటే 63 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకి 40 కిలోమీటర్లు ఆఫీసుకి తిరిగేవాళ్లకి ఐదేళ్లకు పైనే పడుతుంది. ఏడాదికి పాతిక వేలు తిరిగే వ్యాపారస్తుడికి రెండున్నరేళ్లు.

పాతవాళ్లు "డీజిల్ బండే లాభం" అని ఇప్పటికీ అంటుంటే వాళ్ల తప్పేం లేదు. 2012 ప్రాంతంలో డీజిల్ లీటరుకి పాతిక రూపాయలకు పైగా చౌక. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా కరిగిపోయింది. ఇంకో విషయం, బీఎస్6 కాలుష్య ప్రమాణాలతో వచ్చే డీజిల్ కార్లకి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే ఎక్కాలి. పిల్లల స్కూలు, కూరగాయల మార్కెట్ మాత్రమే తిరిగే ఇంటికి డీజిల్ కారు నేను చెప్పను.

సీఎన్‌జీకి కిలోకి 30 పైన వస్తుందంటారు, నిజమేనా?

పరీక్షలో వస్తుంది. 2024 స్విఫ్ట్‌కి కంపెనీ చెప్పే అంకెలు మాన్యువల్ పెట్రోల్‌కి లీటరుకి 24.80, సీఎన్‌జీకి కిలోకి 32.85. కానీ లీటరునీ కిలోనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కిలో సీఎన్‌జీలో సుమారు లీటరున్నర పెట్రోల్‌కి సరిపడా శక్తి ఉంటుంది. అందుకే ఎక్కువ దూరం వెళ్లినట్టు కనిపిస్తుంది. పోల్చాల్సింది కిలోమీటరుకి రూపాయలనే.

రోడ్డు మీద పెట్రోల్‌తో 16, సీఎన్‌జీతో 24 వస్తుందనుకుంటే కిలోమీటరుకి 6.75 ఒకవైపు, 3.96 ఇంకోవైపు. సీఎన్‌జీ మోడల్‌కి 95 వేలు ఎక్కువ పెట్టి ఉంటే 34 వేల కిలోమీటర్లకి ఆ డబ్బు తిరిగొస్తుంది. రోజూ తిరిగేవాళ్లకి ఇది మంచి బేరమే. అయితే బంకు దగ్గర క్యూలో పోయే అరగంటకి మీరే విలువ కట్టుకోవాలి. ముందు మీ ఇంటికి, ఆఫీసుకి మధ్య సీఎన్‌జీ బంకు ఉందో లేదో చూసుకోండి. దానికోసం రోజూ ఎనిమిది కిలోమీటర్లు పక్కకి వెళ్లాలంటే లాభంలో సగం అక్కడే పోతుంది. గ్యాస్ సిలిండర్ వల్ల చాలా కార్లలో డిక్కీ పోతుందన్నది తెలిసిందే.

ఎలక్ట్రిక్ బండికి లెక్క ఎలా కట్టాలి?

లీటర్ల బదులు కరెంటు యూనిట్లు, అంతే తేడా. మామూలు ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ నుంచి వంద కిలోమీటర్లకి సుమారు 3 యూనిట్లు తీసుకుంటుంది. ఛార్జింగ్‌లో కొంత వేడిగా పోతుంది కాబట్టి మీ మీటర్‌లో తిరిగేది 3.4 దాకా ఉంటుంది. యూనిట్ 8 రూపాయలైతే వంద కిలోమీటర్లకి 27 రూపాయలు. 45 ఇచ్చే పెట్రోల్ స్కూటర్‌కి అదే దూరానికి 240.

ఇక్కడ స్లాబుల సంగతి చూసుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. రోజుకి 30 కిలోమీటర్లు తిరిగితే నెలకి 31 యూనిట్లు అదనం. ఆ 31 మీ బిల్లులో పై స్లాబులో పడతాయి. అందుకని సగటు ధర కాదు, బిల్లులో చివరి స్లాబు ధర వేసుకోండి. వేసవిలో ఏసీ నెలల్లో అది ఇంకా పైకి పోతుంది. అయినా పెట్రోల్ దరిదాపుల్లోకి రాదు.

కారు అయితే వంద కిలోమీటర్లకి 16, 17 యూనిట్లు వేసుకోండి. ఇంట్లో ఛార్జ్ చేస్తే కిలోమీటరుకి రూపాయిన్నర లోపే. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కి 22 రూపాయలు తీసుకుంటే మూడున్నర రూపాయలు, అంటే సీఎన్‌జీ కారుకి దగ్గరగా వచ్చేస్తుంది. అపార్ట్‌మెంట్‌లో సొంత ప్లగ్ పాయింట్ లేనివాళ్లు ఈ రెండో అంకెతోనే లెక్క కట్టుకోవాలి.

ఇ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక మైలేజీ తగ్గిందంటున్నారు. ఎంత తగ్గుతుంది?

తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే మొత్తం శక్తి అచ్చమైన పెట్రోల్ కంటే 7 శాతం దాకా తక్కువ. కానీ మనం అచ్చమైన పెట్రోల్ నుంచి నేరుగా ఇ20కి రాలేదు, మధ్యలో పది శాతం కలిపిన పెట్రోల్ (ఇ10) చాలాకాలం వాడాం. దానితో పోలిస్తే శక్తి తేడా మూడున్నర శాతం చిల్లర. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన రోడ్‌మ్యాప్‌లో కూడా, పాత పద్ధతిలో డిజైన్ చేసి ఇ10కి సరిచేసిన కార్లకి 6-7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాలకి 3-4 శాతం, ఇ20కి సరిచేసిన కార్లకి 1-2 శాతం తగ్గుతుందని అంచనా వేశారు.

లీటరుకి 16.7 వచ్చే కారుకి ఇ10 నుంచి ఇ20కి మారితే శక్తి లెక్కన 16.1 దగ్గర నిలవాలి. నెలకి వెయ్యి కిలోమీటర్లకి రెండు లీటర్లు, రెండొందల చిల్లర ఎక్కువ. మధ్యతరగతి ఇంటికి అది లెక్కలోకి వచ్చే డబ్బే, కోపం రావడంలో తప్పులేదు. కానీ మైలేజీ 15, 20 శాతం పడిపోతే కారణం ఇథనాల్ ఒక్కటే కాదు, బండిలో ఇంకేదో ఉంది. పాత బండైతే రబ్బరు పైపులు, సీళ్లు ఇ20కి పనికొస్తాయో లేదో మాన్యువల్‌లో చూసుకోండి, అది మైలేజీ కంటే ముఖ్యం.

పెట్రోల్ రేటు ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఎందుకుంది? పక్క రాష్ట్రంలో కొట్టిస్తే లాభమా?

పెట్రోల్, డీజిల్ జీఎస్టీలోకి రాలేదు. ఒక్కో రాష్ట్రం తన వ్యాట్ తాను వేసుకుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో అది ఎక్కువ. కాకినాడ పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి అక్కడ చౌక. హిందూపురం వైపు వాళ్లు కర్ణాటక బంకుల్లో కొట్టించుకునేదీ ఇందుకే.

లీటరుకి 10 రూపాయలు తేడా ఉందనుకుందాం. 30 లీటర్లకి 300 మిగులుతుంది. కాకినాడ నుంచి యానాం వెళ్లి రావడానికి సుమారు 60 కిలోమీటర్లు, మా కారు లెక్కన 390 రూపాయలు. పనిగట్టుకుని వెళ్తే నష్టం. ఎలాగూ అటు వెళ్తుంటే మాత్రం ట్యాంకు ఖాళీగా ఉంచుకుని వెళ్లండి.

తెల్లవారుజామున కొట్టిస్తే, వందకి బదులు 110కి కొట్టిస్తే ఎక్కువ వస్తుందంటారు?

చల్లదనానికి పెట్రోల్ చిక్కబడుతుందన్నది నిజం, డిగ్రీకి సుమారు వెయ్యో వంతు. కానీ బంకు ట్యాంకులు భూమిలో ఉంటాయి, అక్కడ పగలూ రాత్రీ వేడి పెద్దగా మారదు. రెండు డిగ్రీలు తేడా ఉన్నా 30 లీటర్లకి 60 మిల్లీలీటర్లు. నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

110, 210 అన్న అంకెల్లో మహిమేం లేదు. మిషన్ మీద సున్నా చూసుకోండి, బిల్లు తీసుకోండి. అనుమానం వస్తే ఐదు లీటర్ల కొలత పాత్రతో పట్టి చూపించమని అడగండి. ప్రతి బంకులోనూ అది ఉండాలి, అడిగే హక్కు మనకుంది. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్లు అటూ ఇటూ వరకే ఒప్పుకుంటారు.

డబ్బు ఖర్చుపెట్టకుండా మైలేజీ పెంచుకునే మార్గాలున్నాయా?

ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది వేగం. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గం లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే ఒకటిన్నర రెట్లకు పైనే. సూర్యాపేట దాకా 80తో వెళ్లి, అక్కడి నుంచి 110తో వెళ్లి చూడండి, డిస్‌ప్లేలో సగటు కళ్లముందే దిగిపోతుంది.

రెండోది ఆగి ఉన్నప్పుడు నడిచే ఇంజిన్. ఏసీ వేసుకుని నిలబడ్డ పెట్రోల్ కారు గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. 0.8 అనుకుంటే 90 సెకన్ల సిగ్నల్‌కి 20 మిల్లీలీటర్లు, రెండు రూపాయలు. రోజుకి పది సిగ్నళ్లు పడితే 20 రూపాయలు పైన, నెలకి 500 దాటుతుంది. అర నిమిషం మించి ఆగాలంటే ఇంజిన్ ఆపేయండి.

టైర్లలో గాలి ఒక పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 33 ఉండాల్సిన చోట 25కి దిగితే శాతంన్నర. చిన్నదే, కానీ టైరు అంచులు అరిగిపోయే ఖర్చు దానికి తోడవుతుంది. పదిహేను రోజులకొకసారి పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి.

ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయకండి, చేతులు జోడించి చెప్తున్నాను. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోల్ పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఆగకుండా తిరగడానికి తాగుతూనే ఉంటాయి. ఆదా లేదు, పైగా బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. శ్రీశైలం, అరకు దారుల్లో దీనికి ప్రాణాలే పోతాయి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి కారు 30 ఇస్తుందట. మనకంటే బాగున్నట్టేనా?

అది గ్యాలన్‌కి మైళ్లు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, మైలు 1.609 కిలోమీటర్లు. వాళ్ల అంకెని 0.425తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 30 అంటే లీటరుకి 12.75. అదే లండన్‌లో ఉన్న బంధువు 30 అంటే 10.6 మాత్రమే, బ్రిటన్ గ్యాలన్ పెద్దది, 4.546 లీటర్లు. అమెరికాలో కొత్త కారు అద్దం మీద అంటించే స్టిక్కర్‌లో ఊరికి 55 శాతం, హైవేకి 45 శాతం కలిపిన అంకె ఉంటుంది. వంద మైళ్లకి ఎన్ని గ్యాలన్లు అన్నది కూడా పక్కనే చిన్నగా వేస్తారు. రెండు కార్లను పోల్చేటప్పుడు ఆ చిన్న అంకె చూడమనండి.

నా బండి మైలేజీ ఒక్కసారిగా పడిపోయింది. ఎక్కడ చూడాలి?

ముందు అది నిజంగా పడిపోయిందో, నింపడంలో తేడానో రెండు ట్యాంకులు చూసి తేల్చుకోండి. తర్వాత టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, బైకైతే చైను బిగువు, క్లచ్ జారుతోందా, ఈమధ్య దారి మారిందా, పెళ్లిళ్ల సీజన్‌లో బండి నిండా జనంతో తిరిగారా అన్నవి వరసగా చూడండి.

నాకు జరిగింది చెప్తాను. నోటుపుస్తకంలో వరసగా 16.4, 16.8, 16.5 ఉన్నాయి. తర్వాతి ట్యాంకు 15.1, ఆ తర్వాత 13.9. సర్వీసుకి తీసుకెళ్తే "కొత్త పెట్రోల్ కదా సార్, అందరికీ ఇంతే" అని ఆయిల్ మార్చి, కడిగి పంపేశారు. ఇంటికొచ్చి ఆ పేజీలు మళ్లీ తిప్పాను. 16.5 నుంచి 13.9 అంటే దాదాపు 16 శాతం, ఇథనాల్‌కి అంత పడదు. మర్నాడు పొద్దున పది కిలోమీటర్లు నెమ్మదిగా, బ్రేకు దాదాపు తొక్కకుండా వెళ్లి కారు ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ముందు ఎడమ చక్రం దగ్గర సెగ కొడుతోంది, కాలిన ఇనుము వాసన. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కుని పట్టుకునే ఉంది. మా వీధి చివర మెకానిక్ క్యాలిపర్ విప్పి, తుప్పు పట్టిన పిన్ను గీకి, గ్రీజు రాసి బిగించాడు. అరగంట పని, 350 రూపాయలు. తర్వాతి ఫుల్ ట్యాంక్‌కి 398 కిలోమీటర్లు, 24.4 లీటర్లు. 16.3 అని రాసి, పక్కన "ఎడమ ముందు బ్రేకు" అని కూడా రాసి పెన్నుతో గీత గీశాను.